సాధ్యముకాని వాటికి ఇంగ్లీషు మాటలు

ఇంగ్లీషు పాఠములో గాని సైన్సు పాఠములో గాని ఫ్యూటైల్, అబార్టివ్, ఇంప్రాక్టికబుల్, ఇంపాసిబుల్ అను మాటలు ఎదురైనప్పుడు, నాలుగింటికీ "కాని పని" అని ఒకే అర్థము చెప్పి ముందుకు సాగిపోవటం మనకు అలవాటు. మామూలు సంభాషణలో దీనివల్ల వచ్చే నష్టమేమీ లేదు. కాని ఒక పని ఎందుకు కాలేదో, ఇకముందైనా అవుతుందో లేదో శాస్త్రదృష్టితో చెప్పవలసి వచ్చినప్పుడు ఈ మాటలు ఒకదానికి బదులు మరొకటి పనికిరావు.

ఫ్యూటైల్ అనే మాట "సులభముగా కారిపోవునది" అనే అర్థముగల లాటిన్ పదమునుండి వచ్చినది. మన చిల్లికుండయే అది. పోసేవాడు శ్రద్ధగా పోస్తున్నాడు, బావిలో నీళ్ళూ ఉన్నాయి; కుండ మాత్రము నిండదు. ఎండాకాలములో గది చల్లబడుతుందని రిఫ్రిజిరేటరు తలుపు తెరచి కూర్చునేవాని ప్రయత్నము ఇటువంటిదే. ఆ యంత్రము లోపలినుండి తీసిన ఉష్ణాన్ని వెనుకవైపున అదే గదిలోనికి వదులుతుంది. తాను వాడుకున్న విద్యుత్తు కూడా చివరకు ఉష్ణముగానే మారి గదిలో చేరుతుంది. అందుచేత మొత్తముమీద గది వేడెక్కుతుంది!

అబార్టివ్ సంగతి వేరు. ఉదయించుట, పుట్టుట అనే అర్థముగల లాటిన్ ధాతువునకు వ్యతిరేకార్థమిచ్చే ఉపసర్గ చేరగా ఏర్పడిన మాట ఇది. సూర్యుడు ఉదయించే దిక్కు గనుక తూర్పునకు ఓరియంట్ అను పేరు వచ్చినది కూడా ఆ ధాతువునుండే. మొదలై, ఎదగక మధ్యలో ఆగిపోయినది అబార్టివ్. వృక్షశాస్త్రములో ఎదగని అండములకు, కేసరములకు ఈ విశేషణము వాడుతారు. వరికంకిలో గింజ పట్టని దానిని మన రైతు "తాలు" అంటాడు. ఈ ఇంగ్లీషు మాటకు అంతకంటె చక్కని ఉదాహరణ నాకు తోచటం లేదు. ఈ మాటలో "ఎన్నటికీ కాదు" అనే భావము లేదు. ఈ ఏడు తాలుపోయిన పొలమే వచ్చే ఏడు బాగా పండవచ్చును.

నాన్‌స్టార్టర్ గుర్రపు పందెములనుండి వచ్చిన మాట. పందెమునకు పేరు నమోదై కూడా బయలుదేరని గుర్రమునకు ఆ పేరు. ఫిజిల్ అంటే తుస్సుమనటం. తడిసిన మతాబును తలచుకుంటే చాలును. దాని పాత అర్థము తరగతిలో చెప్పదగినది కాదు గాని, అణ్వస్త్రము అనుకున్నంత శక్తితో పేలకపోతే నిపుణులు కూడా ఈ మాటే వాడుతారు.

అసలు చిక్కు ఇంప్రాక్టికబుల్, ఇంపాసిబుల్ అను రెండింటి దగ్గర ఉన్నది. మొదటిది ఇప్పుడున్న సాధనములతో, ఖర్చుతో జరపలేనిది. రెండవది ఎన్ని సాధనములున్నా జరగనిది.

రెండవదానికి పేరుపొందిన ఉదాహరణ పర్పెచ్యువల్ మోషన్, అనగా నిరంతర చలన యంత్రము. 1150లో భాస్కరాచార్యుడు రచించిన సిద్ధాంత శిరోమణిలో, బోలు ఆకులలో పాదరసము నింపగా తనంతట తానే తిరిగే చక్రము యొక్క వర్ణన కలదు. ఆ తరువాత యూరప్‌లోనూ ఇటువంటి చక్రములను అనేకులు కల్పించినారు. దిగేవైపు బరువులు ఇరుసుకు దూరముగా ఉంటాయి గనుక చక్రము తిరుగుతూనే ఉండాలని వారి ఆలోచన. కాని ఏ క్షణమున చూచినా దిగేవైపు దూరముగా ఉన్న బరువులు తక్కువ, ఎక్కేవైపు దగ్గరగా ఉన్నవి ఎక్కువ. లెక్క సరిపోతుంది, చక్రము కొంచెము ఊగి ఆగిపోతుంది. 10 కిలోగ్రాముల బరువు 1 మీటరు దిగితే సుమారు 98 జౌళ్ళ శక్తి లభిస్తుంది. దానిని మరల పైకి చేర్చటానికి ఆ 98 జౌళ్ళూ కావాలి. మరి ఇరుసు దగ్గర ఘర్షణకు శక్తి ఎవరివ్వాలి?

ఇక్కడ తెలివైన విద్యార్థి ఒక ప్రశ్న వేస్తాడు: భూమి కోట్ల సంవత్సరాలుగా సూర్యుని చుట్టూ తిరుగుతున్నది గదా? నిజమే. ఆటంకము లేనిచోట చలనము కొనసాగటాన్ని ప్రకృతి నిషేధించలేదు. శక్తి ఇవ్వకుండా ఎడతెగక పని రాబట్టటమే కుదరనిది. ఆ విధముగా చూస్తే యంత్రము పేరే కొంత తప్పుదారి పట్టించేది.

1775లో పారిస్‌లోని శాస్త్ర అకాడమీ ఇటువంటి యంత్రములను ఇక పరిశీలించబోమని తీర్మానించినది. వీటికోసము ఆస్తిని, కాలాన్ని, ప్రతిభను ధారపోసి చితికిపోయిన కుటుంబాలున్నవని కూడా చెప్పినది. శక్తి నిత్యత్వ సూత్రము స్థిరపడటానికి అప్పటికి ఇంకా సుమారు 70 ఏళ్ళున్నది. కేవలము స్కేలు, వృత్తలేఖినులతో వృత్తమునకు సమాన వైశాల్యముగల చతురస్రాన్ని గీయటం కూడా ఆ నిషిద్ధ జాబితాలో చేరినది. అది కాదని 1882లో లిండెమన్ నిరూపించిన తరువాతనే తేలినది. స్క్వేరింగ్ ది సర్కిల్ అను ఇంగ్లీషు పలుకుబడి ఇక్కడిదే. ఈ రెండు అసాధ్యములూ ఒక జాతివి కావు. యంత్రము కాదనటానికి ప్రకృతిలో మనము కనుగొన్న నియమము ఆధారము. చతురస్రము కాదనటానికి తర్కమే చాలును. మన తార్కికులు చెప్పే కుందేటికొమ్ముకు, వంధ్యాపుత్రునికి మధ్య కూడా ఇటువంటి భేదమే ఉన్నది. కుందేలుకు కొమ్ము లేదని చూచి తెలుసుకోవాలి. వంధ్యాపుత్రుడు లేడని తెలుసుకోవటానికి చూడనక్కరలేదు.

ఆధారము లేకుండా ఇంపాసిబుల్ అనటం గొప్పవారికి కూడా జరిగినది. నక్షత్రాల దూరాలను, చలనాలను తెలుసుకోవచ్చును గాని వాటిలో ఏ పదార్థములున్నవో ఎన్నటికీ తెలియదని ఫ్రెంచి తత్త్వవేత్త ఆగస్ట్ కాంట్ 1835లో వ్రాసినాడు. నక్షత్రము దగ్గరకు పోయి ముక్క తెచ్చి పరీక్షించటం ఇంప్రాక్టికబుల్ అన్నంతవరకు ఆయన మాట సరియైనదే. కాని పదార్థము తన గుర్తులను కాంతిలోనే పంపుతున్నదని 1859లో కిర్కాఫ్, బున్సెన్ కనుగొన్నారు. కాంట్ అంతకు రెండేళ్ళ ముందే మరణించినాడు.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణమును చూడటానికి ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ మన గుంటూరుకు వచ్చినాడు. సూర్యుని అంచున లేచే జ్వాలల కాంతిని వర్ణపటదర్శినితో పరిశీలించి, అవి ముఖ్యముగా హైడ్రోజన్ వాయువని గ్రహించినాడు. ఆ జ్వాలల వర్ణపటములో కనిపించిన ఒక పసుపు గీత సోడియముది కాదని, భూమిమీద అప్పటికి తెలియని మూలకమునకు చెందినదని ఇంగ్లండులో లాకియర్ నిర్ణయించినాడు. సూర్యుని గ్రీకు పేరుమీదుగా దానికి హీలియమని పేరు వచ్చినది. 1895లో రామ్సే ఒక యురేనియం ఖనిజమునుండి అదే వాయువును తీసి, సీసాలో పట్టి చూపినాడు.