చుక్కల పటం చదవడం ఎందుకు నేర్పుతున్నాం?

మన సాయంత్రపు తరగతుల్లో ఒక పాఠం దగ్గర మేము కావాలనే ఎక్కువ రోజులు ఆగుతాం. అది స్కాటర్ ప్లాట్, అంటే చుక్కల పటం. ఇంత చిన్న పాఠానికి అన్ని రోజులెందుకని మీరు అడగవచ్చు. మీ సహాయంతో నడుస్తున్న తరగతులు కాబట్టి కారణం చెప్పడం మా బాధ్యత.

రెండు చలరాశుల మధ్య సంబంధం ఉందో లేదో ఈ పటం చూపిస్తుంది. మొదట పిల్లల చేత ఒకరి జానను, ఎత్తును మరొకరు కొలిచేలా చేస్తాం. అడ్డగీత మీద జాన, నిలువు గీత మీద ఎత్తు. ఒక్కొక్కరికి ఒక్కో చుక్క. "ఈ చుక్క ఎవరిది?" అన్నదే మా మొదటి ప్రశ్న. కుడివైపు వెళ్లేకొద్దీ చుక్కలు పైకి పోతున్నాయా, కిందికి దిగుతున్నాయా? ఒక గీత వెంట గుమిగూడాయా, చెదిరిపోయాయా? విడిగా పడిన చుక్క కొలతలో పొరపాటా, నిజమేనా? ఆ తర్వాత అసలు ప్రశ్న: జాన పెరగడం వల్లే ఎత్తు పెరిగిందా? కాదు, రెండింటినీ పెంచింది వయసు. కలిసి పెరిగినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదని పిల్లలకు అక్కడ అర్థమవుతుంది.

చివరి ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం: ఈ పటంలో లేని చుక్కలు ఏవి?

దీనికి మేము చెప్పే ఉదాహరణ అమెరికాకు చెందిన ఛాలెంజర్ వ్యోమనౌక. 1986 జనవరి 28న అది ఎగిరిన 73 సెకన్లకే కూలిపోయి ఏడుగురు మరణించారు. రాకెట్ భాగాల అతుకుల్లో వేడి వాయువు బయటకు రాకుండా ఆపే రబ్బరు రింగులు చలికి సరిగా పనిచేయలేదు. చలిలో ప్రయోగించవచ్చా అని ముందురోజు రాత్రే ఇంజనీర్లు, అధికారులు చర్చించారు. కానీ వారు పోల్చి చూసింది రింగులు దెబ్బతిన్న ప్రయోగాలను మాత్రమే. వాటిలో చల్లని రోజులూ ఉన్నాయి, వెచ్చని రోజులూ ఉన్నాయి. అందుకే చలికీ నష్టానికీ సంబంధం స్పష్టంగా కనిపించలేదు. ఏ నష్టమూ జరగని ప్రయోగాల చుక్కలను కూడా కలిపి చూస్తే ఏం తేలుతుందో తర్వాత విచారణ సంఘం చూపించింది. 66 డిగ్రీల ఫారెన్‌హీట్, అంతకు మించిన వేడిలో జరిగిన 20 ప్రయోగాల్లో మూడింటిలోనే రింగులు దెబ్బతిన్నాయి. 63 డిగ్రీలు, అంతకు తక్కువలో జరిగిన నాలుగింటిలోనూ దెబ్బతిన్నాయి. ఛాలెంజర్ ఎగిరిన రోజు వేడి 36 డిగ్రీలే.

ఇదే ప్రశ్న మన పనికీ వర్తిస్తుంది. తరగతికి వచ్చిన రోజులు ఒక గీత మీద, పరీక్షలో వచ్చిన మార్కులు మరో గీత మీద పెట్టి పటం గీస్తే, పరీక్ష రాసిన పిల్లలే అందులో కనిపిస్తారు. మధ్యలో బడి మానేసి పనికి వెళ్లినవారికి మార్కులే ఉండవు, కనుక చుక్కా ఉండదు. ఆ పటం ఎంత అందంగా ఉన్నా సగం మాటే చెబుతుంది.

కాబట్టి దాతలకు మా మనవి ఒక్కటే. మేము ఏ పటం చూపినా, "ఇందులో లేనివారు ఎవరు?" అని అడగండి. మన పిల్లలకు నేర్పుతున్న ప్రశ్నకు ముందుగా జవాబు చెప్పవలసింది మేమే.