మట్టిలో కలిసిన మందు ఎటు పోతున్నట్టు?

పత్తి చేనుకు మందు కొట్టినాక పంపును ఎక్కడ కడుగుతున్నారు? బోరు కాడనో, కుంట గట్టుననో కదా! ఖాళీ డబ్బాను ఒడ్డు మీద పారేసి ఇంటి దారి పడతాం. బచ్చన్నపేట రైతుకు ఇది కొత్త సంగతేమీ కాదు. పురుగు చచ్చింది, పని అయిపోయిందనుకుంటాం. నిజానికి కొట్టిన మందులో పురుగుకు తగిలేది కొద్దిపాటే. కొంత గాలికి పోగా, చాలా భాగం నేలకే చేరుతుంది.

కొన్ని మందులు ఎండకు, సూక్ష్మజీవుల దాడికి వారాల్లోనే విరిగిపోతాయి. కొన్ని అంత తొందరగా పోవు. మీ నాన్నల కాలంలో చేన్లకు చల్లిన బీహెచ్‌సీ పొడి గుర్తుందా? డీడీటీని వ్యవసాయంలో 1989లో, బీహెచ్‌సీని 1997లో నిషేధించారు. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపించింది. ఈ జాతి మందులు నేలలో ఏండ్ల తరబడి నిలుస్తాయి. నీళ్లలో సరిగా కరగవు, కొవ్వులో కరుగుతాయి. అందుకే గడ్డి నుంచి బర్రెకు, బర్రె నుంచి పాలకు, నెయ్యికి, అక్కడి నుంచి మన ఒంట్లోకి చేరి ఉండిపోతాయి. తల్లిపాలలో సైతం వీటి అవశేషాలను మన దేశ పరిశోధకులే కనుగొన్నారు. మందు డబ్బా ఎన్నడూ ముట్టని పసిబిడ్డ నోటికి అది ఏ దారిన వచ్చిందో ఆలోచించండి.

యూరియా సంగతి వేరు. పంట తీసుకోగా మిగిలిన నత్రజని నైట్రేటుగా మారి, కిందికి దిగి బోరు నీళ్లలో కలుస్తుంది. తాగే నీటిలో ఇది లీటరుకు 45 మిల్లీగ్రాములు మించరాదు. మించిన నీళ్లతో డబ్బాపాలు కలిపి పట్టిస్తే నెలల పిల్లల రక్తం ఆక్సిజన్‌ను సరిగా మోయలేదు, ఒళ్లు నీలంగా మారుతుంది. మరగబెడితే నైట్రేటు పోదు, ఇంకా చిక్కబడుతుంది. ఇంట్లో నల్లా నీళ్లు తాగేవాళ్లం కూడా బాయికాడ బోరు నీళ్లే తాగుతాం కదా!

పటాన్‌చెరు వైపు నక్కవాగు వెంట పొలాలు ఫ్యాక్టరీల వ్యర్థ జలాలతో చెడిపోతే, 1990లో వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయింది. అక్కడి రైతు తాను చేయని తప్పుకు నష్టపోయాడు. మన దగ్గర మాత్రం పంపు మన భుజాన్నే ఉంది.

భూసార పరీక్షలో అంతా బాగుందని వచ్చింది కదా అంటారేమో. 2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డులో 12 అంశాలుంటాయి. పురుగుమందుల ఊసు అందులో లేదు. అయినా పరీక్ష చేయించాల్సిందే. భాస్వరం నిండుగా ఉన్న నేలకు మళ్లీ డీఏపీ వేయడమైనా ఆగుతుంది. ఫాస్ఫేటు ఎరువులతో పాటు కాడ్మియం అనే లోహం కొద్దికొద్దిగా నేలకు చేరుతుంది. జపాన్‌లో గని వ్యర్థాల కాడ్మియం జింజూ నది నీళ్లతో వరి మళ్లలోకి వచ్చి, ఆ బియ్యం తిన్నవాళ్ల మూత్రపిండాలను, ఎముకలను పాడుచేసింది. ఎరువుల్లో అంత ఉండదు. కానీ చేరిన లోహం విరిగిపోయేది కాదు.

మందు లేకుండా ఎవుసం సాగుతుందా అని అడిగేవారు దూరం పోనక్కర్లేదు. మన జిల్లాలోనే లింగాలఘణపురం మండలం ఏనబావి ఉంది. యాభై పైచిలుకు కుటుంబాల పల్లె. ఆముదంపై పడే ఎర్ర బొంతపురుగును మంటలతో, దీపపు ఎరలతో అదుపు చేయడం దగ్గర మొదలుపెట్టి, క్రాప్స్ అనే స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుతో 2006 నాటికి ఊరంతా రసాయనాలు మానేసింది. చెరువు మట్టి, పశువుల పెంట, కషాయాలే వారి పెట్టుబడి. ఒక్క ఏడాదిలో అయిన పని కాదు. అందరూ ఒకేసారి మానేయాలని మేమూ అనడం లేదు.

ఈసారికి ఇంత చేయండి. ఖాళీ డబ్బాను మూడుసార్లు కడిగి ఆ నీళ్లను పంపులోనే పోసి చేనుకే కొట్టండి. డబ్బాకు చిల్లులు పొడవండి, ఇంటి వాడకానికి తేకండి, కాల్చకండి. మొదటి రెండు పిచికారీలకైనా వేపగింజల కషాయం వాడి చూడండి. 5 కిలోల గింజల పప్పు దంచి, 10 లీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టి, వడకట్టి, 100 గ్రాముల సబ్బు పొడి కలిపి 100 లీటర్లు చేయాలి. ఎండకు దీని బలం తగ్గుతుంది కాబట్టి సాయంత్రం పూటే కొట్టాలి. వేపపండ్లు రాలే జూన్, జులైలోనే గింజలు ఏరి, నీడన ఆరబెట్టి పెట్టుకోండి.