అన్నం మానేస్తే సరిపోతుందా?

"షుగరు వచ్చిందండి, అన్నం మానేశాను." గృహదర్శనాలకు వెళ్ళినప్పుడు ఈ మాట మేము తరచుగా వింటున్నాము. షుగరు లేని యౌవనస్థులు కూడా లావు తగ్గాలని అన్నం ముట్టడం లేదు. అదే ఇంట్లో పెద్దలు మూడు పూటలా గిన్నెడు అన్నం మీద ఇంత చారు పోసుకొని భోజనమైందనుకుంటారు. ఈ రెండు పద్ధతులూ ఆరోగ్యానికి మంచివి కావు.

అన్నం, రొట్టె, సంకటి, చిలగడదుంప, అరటిపండు, బెల్లం, వీటన్నిటినుండి మనకు ముఖ్యంగా వచ్చేవి కార్బోహైడ్రేట్లు, అనగా పిండిపదార్థములు, చక్కెరలు. 100 గ్రాముల బియ్యంలో ఇవి దాదాపు 78 గ్రాములుంటాయి. ఒక్కో గ్రాము 4 కేలరీల శక్తినిస్తుంది. పొట్టలో అరిగిన పిండి గ్లూకోజుగా మారి రక్తంలో కలుస్తుంది. మెదడు ఒక్కటే రోజుకు దాదాపు 120 గ్రాముల గ్లూకోజు వాడుకుంటుంది. వెంటనే ఖర్చుకానిది కాలేయములోను, కండరాలలోను నిలువ చేరుతుంది. నాట్లు వేసేవారికి, బస్తాలు మోసేవారికి ఆ నిలువే ఆధారము. అయితే ఆ గాదె చిన్నది. అది నిండిన తరువాత కూడా అక్కరకు మించి తింటూ పోతే ఒంట్లో కొవ్వు పెరుగుతుంది.

కాబట్టి కంచంలో అన్నం ఎంత అనేది చేసే పనినిబట్టి ఉండాలి. మన తాతలు నాగలి పట్టారు, కావడి మోశారు, పొరుగూరికి నడిచి వెళ్ళారు. నేడు దుక్కికి ట్రాక్టరు, కోతకు మిషను, వీధి చివరకు కూడా మోటారు సైకిలు. పని తగ్గింది గాని కంచంలో అన్నం కుప్ప మాత్రం తగ్గలేదు!

ధాన్యము కూడా మారింది. ఒకప్పుడు తెలంగాణలో జొన్నరొట్టె, రాయలసీమలో రాగిసంకటి, ఉత్తరాంధ్రలో చోడి అంబలి రోజువారీ తిండి. ఎన్నో పేద ఇళ్ళలో వరి అన్నం పండుగకే. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక ఆ ఇళ్ళలో కూడా రోజూ పొయ్యిమీద అన్నం ఉడికింది. ఆకలి తీర్చిన ఆ పథకాన్ని తప్పుపట్టే ఉద్దేశం మాకు లేదు. కాని జొన్న, సజ్జ, రాగి మెల్లగా అటకెక్కాయి. 100 గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. తెల్లబియ్యంలో పది కూడా దాటదు. పాలు కొనలేని ఇంట్లో చంటిబిడ్డ తల్లికి ఇది చిన్న విషయం కాదు.

మల్లెపువ్వులా తెల్లగా ఉండాలని మిల్లులో బియ్యానికి పాలిష్ పట్టిస్తే తవుడుతోపాటు బి1 విటమిను, పీచు పోతాయి. 1890లలో జావాలో ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు, పాలిష్ బియ్యం తిన్న కోళ్ళకు కాళ్ళు పడిపోవడం, ముడిబియ్యం పెడితే తిరిగి కోలుకోవడం గమనించాడు. ఆ పరిశోధనకు 1929లో నోబెల్ బహుమతి లభించింది. ఇక బియ్యాన్ని నాలుగుసార్లు పిసికి కడిగి, గంజి వార్చి పారబోస్తే మిగిలిన కాస్త కూడా పోతుంది. వంట చేసే తల్లులు గమనించాలి.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం, రోజుకు 2000 కేలరీలు సరిపోయేవారికి అన్ని ధాన్యాలు కలిపి, వండకముందు తూకంలో, 250 గ్రాములు చాలు. పప్పులు, గుడ్లు, మాంసం వంటివి కలిపి 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు ఉండాలి. ఎండలో కూలిపని చేసేవారికి ఇంకా ఎక్కువ ధాన్యం కావాలి. ఇళ్ళలో చాలాచోట్ల తక్కువగా కనిపించేవి పప్పు, కూర. ముందు వాటిని పెంచితే అన్నం దానంతటదే తగ్గుతుంది.

షుగరు ఉన్నవారితో ఒక మాట. ఇన్సులిను గాని, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గాని తీసుకొని, అన్నం మానేసి పొలానికి వెళ్ళడం ప్రాణాపాయము. రక్తంలో గ్లూకోజు 70కి దిగువకు పడిపోవచ్చు. చెమటలు పోస్తాయి, చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది, మాట తడబడుతుంది. పక్కవారు వడదెబ్బ అనుకుంటారు, కొందరైతే తాగివచ్చాడనుకుంటారు. మనిషి మింగగలిగితే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించాలి. పదిహేను నిమిషాలకు తేరుకోకపోతే మళ్ళీ ఇవ్వాలి, తేరుకున్నాక అన్నమో రొట్టో పెట్టాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయరాదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయాలి. పొలానికి వెళ్ళేటప్పుడు కొంగున ఇంత పంచదార కట్టుకోవడం మేలు.

ఉపవాస ప్రార్థనల దినాలలోను ఈ జాగ్రత్త అవసరము. షుగరు మందులు వాడేవారు ఉపవాసానికి ముందే డాక్టరుగారిని కలిసి, ఆ రోజు మందు ఎంత వేసుకోవాలో, అసలు ఉండవచ్చునో లేదో అడగాలి. వద్దంటే, ఉదయమే తిని మందు వేసుకొని కూటానికి రండి. మధ్యాహ్నం వేళకు లేచి భోజనానికి వెళ్ళడానికి మొహమాటపడవద్దు.