కొండబాటకు తగిన గేరు

పర్వతమార్గాలకై నిర్మించిన సైకిలును కొనబోయే విద్యార్థి దుకాణంలో మొట్టమొదట అడిగే ప్రశ్న "ఎన్ని గేర్లు?" అన్నది. ఇరవై ఒకటి అనగానే తృప్తి చెందుతాడు. ముందు మూడు, వెనుక ఏడు పళ్ల చక్రాలున్నవని తప్ప ఆ సంఖ్య వేరేమీ తెలుపదు. మా ఉద్దేశంలో అడుగవలసిన ప్రశ్న వేరు: అన్నిటికంటె చిన్న గేరు ఎంత?

ముందున్న చైన్‌వీలు పళ్లను వెనుకనున్న ఫ్రీవీలు పళ్లతో భాగించగా వచ్చేదే గేరు నిష్పత్తి. మామూలు సైకిలుకు ముందు 44, వెనుక 18 పళ్లున్నచో నిష్పత్తి 2.44. పెడల్ ఒక చుట్టు తిరిగితే సైకిలు సుమారు 5.4 మీటర్లు సాగుతుంది. సమతలంపై ఇది చక్కని ఏర్పాటే. వంతెన ఎదురైనప్పుడు మాత్రం బరువులు వేసుకొన్నవారు దిగి నెట్టుకొని పోవడం మనమందరము చూచినదే.

ఇప్పుడొక లెక్క వేద్దాము. మనిషి, సైకిలు కలిసి 80 కిలోలు. నూరు మీటర్లకు పది మీటర్లు లేచే మట్టిబాట. ఇక్కడ మనలను వెనుకకు లాగే బలం దాదాపు 90 న్యూటన్లు. తొక్కేవాడు నిలకడగా 130 వాట్లు ఇవ్వగలడనుకొందాము. అప్పుడు వేగం సెకనుకు 1.44 మీటర్లు, అనగా గంటకు 5.2 కిలోమీటర్లు. ఏ గేరు వేసినా ఆ శక్తికి వచ్చే వేగమింతే. తీర్చవలసిన అప్పు ఒక్కటే. పెద్ద వాయిదాలా, చిన్న వాయిదాలా అన్నదే తేడా.

ఆ తేడాను మోకాళ్లు బాగా ఎరుగును. 44/18 గేరులో నిమిషానికి 16 చుట్లే తిరుగును గాని, పెడల్‌పై సగటున 46 కిలోల బరువంత ఒత్తిడి పెట్టవలె. ముందు 32, వెనుక 51 పళ్లు, 29 అంగుళాల చక్రం గల నేటి కొండ సైకిలుపై చుట్టుకు 1.44 మీటర్లే సాగుతుంది. నిమిషానికి 60 చుట్లు, ఒత్తిడి 12 కిలోలు. రెండవదానిని గంటసేపైనా సాగించవచ్చును. మొదటిదానితో కొద్ది నిమిషాలకే దిగవలసి వచ్చును.

చిన్న గేరు బలహీనుల కోసమన్న అపోహ పాతదే. టూర్ డి ఫ్రాన్స్ పందెమును 1903లో నెలకొల్పిన ఆన్రీ దెగ్రాంజ్‌కు గేరు మార్చే యంత్రమంటే గిట్టేది కాదు. 1937 వరకు ఆ పందెంలో దానికి అనుమతి లేకపోయెను. ఆల్ప్స్ పర్వతాల పాదం వద్ద పందెగాళ్లు దిగి, వెనుక చక్రాన్ని ఊడదీసి, రెండవ వైపునున్న పళ్లచక్రం చైనుకు వచ్చేటట్లు త్రిప్పి బిగించుకొనేవారు! అంతటి వీరులే అవస్థపడగా మనకు సిగ్గెందుకు?

ఐతే చిన్నదనానికీ ఒక హద్దు గలదు. వాలు నూటికి ఇరవై ఐతే అదే శక్తితో వేగం గంటకు 2.8 కిలోమీటర్లకు పడిపోవును. ఆ వేగంలో సైకిలు తూలును, ముందు చక్రం లేచును, గులకరాళ్లపై వెనుక చక్రం జారును. ఇంకా చిన్న గేరున్నా ప్రయోజనం లేదు. అక్కడ దిగి నడచుటే మేలు.

మన దుకాణాలలో చవకగా దొరికే గేరు సైకిళ్లలో కొన్నింటికి ముందు చిన్న చైన్‌వీలు 28 పళ్లు, వెనుక పెద్దది 28 పళ్లు. 26 అంగుళాల చక్రంతో చుట్టుకు 2.07 మీటర్లు, పై బాటలో నిమిషానికి 42 చుట్లు. ఇది భారమే. అటువంటి సైకిలు ఇదివరకే ఉన్నవారు క్రొత్తది కొననక్కరలేదు. 34 పళ్ల వరకు గల ఫ్రీవీలు వేయించుకొన్నచో చుట్లు 51కి పెరుగును. చైను కొంచెం పొడవు కావలె. గేరు మార్చే చేయి 34 పళ్లను అందుకోగలదో లేదో మెకానిక్‌ను ముందే అడుగవలె.

ఉర్దూ మిత్రులు 'ఉతార్ చఢావ్' అని జంటగా పలికే ఈ ఎత్తుపల్లాలలో మరొక జాగ్రత్త: వాలు మొదలు కాకముందే గేరు మార్చుకొనవలె. బరువంతా పడిన తరువాత మార్చబోతే చైను కరకరలాడి జారిపోవును.