ఖర్చయ్యాక లెక్క అడిగేదెవరు?

ఆడపిల్లను పుట్టనివ్వండి, చదివించండి అంటూ 2015 జనవరిలో పానిపట్‌లో ‘బేటీ బచావో బేటీ పఢావో’ పథకం మొదలైంది. గోడల మీదా టీవీల్లోనూ ఆ నినాదం చూడనివారు అరుదు. అది అంతగా ఎందుకు కనిపించిందో 2021 డిసెంబరులో తేలింది. 2016 నుంచి 2019 దాకా విడుదలైన 446.72 కోట్ల రూపాయల్లో 78.91 శాతం ఒక్క ప్రచారానికే పోయిందని మహిళా సాధికారతపై వేసిన పార్లమెంటరీ కమిటీ లెక్క తీసింది. మరి ఆ పిల్లల చదువుకూ ఆరోగ్యానికీ మిగిలిందెంత? కమిటీ అడిగిందీ అదే. అప్పటి అధ్యక్షురాలు హీనా గవిత్ అధికార పక్షం ఎంపీ కావడం మరో విశేషం.

సభలో ఇంత నిలదీత అరుదు. బడ్జెట్‌లో ఒక్కో శాఖ పద్దు మీదా చర్చ జరగాలన్నది నియమం. టైము చాలక చాలా పద్దుల్ని కలిపి ఒకేసారి ఓటింగుకు పెట్టేస్తారు. దానికి గిలటిన్ అని పేరు! 2023 మార్చిలోనైతే గందరగోళం నడుమ సుమారు 45 లక్షల కోట్ల బడ్జెట్‌కు లోక్‌సభ పద్దులపై చర్చ లేకుండానే తలూపింది.

డబ్బు ఖర్చయ్యాక ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ రంగంలోకి దిగుతుంది. ఆరోగ్య బీమా పథకం ఆయుష్మాన్ భారత్ లబ్ధిదారుల్లో దాదాపు 7.5 లక్షల మందికి ఒకటే ఫోన్ నంబరు, అదీ పది తొమ్మిదులు, నమోదై ఉన్నట్టు 2023లో బయటపెట్టింది కాగే. అర్హత తేల్చడానికి ఫోన్ నంబరుతో పనిలేదని కేంద్రం జవాబిచ్చింది.

కాగ్ నివేదికలను పరిశీలించేది ప్రజా పద్దుల కమిటీ. 22 మంది సభ్యులు, మంత్రులకు చోటు లేదు. 1967 నుంచి అధ్యక్ష పదవి ప్రతిపక్షానికి ఇవ్వడం ఆనవాయితీ. శాఖ కార్యదర్శి ఫైళ్లతో వచ్చి కూర్చుని, అడిగినదానికి చెప్పాలి. కెమెరాలుండవు కాబట్టి కేకలూ తక్కువే. సిఫారసులను ప్రభుత్వం పాటించి తీరాలనేమీ లేదు గానీ, వాటిపై ఏం చేసిందో రాసివ్వక తప్పదు.

ఆంధ్రప్రదేశ్ శాసనసభలోనూ ఇలాంటి కమిటీ ఉంది. టీడీపీ ప్రతిపక్షంలో ఉండగా దానికి ఛైర్మన్‌గా ఉన్న పయ్యావుల కేశవ్ 2024లో ఆర్థిక మంత్రి అయ్యారు. లెక్కలు అడిగిన మనిషే లెక్కలు చెప్పే కుర్చీలో కూర్చున్నారన్నమాట. ఆ ఏడాది నవంబరులో, 11 మంది ఎమ్మెల్యేలే ఉన్న వైసీపీ ఈ కమిటీ ఎన్నికను బహిష్కరించింది. ఛైర్మన్ పదవి అధికార కూటమిలోని జనసేనకు వెళ్లింది. కారణం ఏదైనా, తన ప్రభుత్వం ఖర్చును తానే తనిఖీ చేసుకునే ఏర్పాటు పదును కోల్పోతుంది.

పద్దుల కమిటీ ఒక్కటే కాదు, పార్లమెంటులో శాఖలవారీ స్థాయీ సంఘాలూ 24 ఉన్నాయి, ఒక్కో దాంట్లో 31 మంది. మీ ఎంపీ కూడా ఏదో ఒకదాంట్లో ఉండే ఉంటారు. ఈసారి ఊరికి వచ్చినప్పుడు కమిటీలో ఏం ప్రశ్న వేశారో అడిగి చూడండి.