గాలిలోని బొగ్గును నేలలో కొలుచు విధము

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల సభ్యులు కొందఱు మమ్మడుగుచున్నారు: “గాలిలోని బొగ్గుపులుసుగాలిని మా నేల పీల్చుకొన్నదని డబ్బిచ్చెదరట, నిజమేనా?” ఇచ్చువారు కలరు. పీల్చుకొన్నదని రుజువు చూపుటయే చిక్కు.

హవాయి ద్వీపమున మౌనలోవా కొండపై 1958లో కొలత మొదలిడినప్పుడు పదిలక్షల పాళ్ల గాలిలో ఇది సుమారు 315 పాళ్లుండెను. 2024లో సగటున సుమారు 424. పైరులు దీనిని తినియే పెరుగును. ఆకు, వేరు, పేడ మన్నులో కలిసి కొంత బొగ్గు అచ్చట నిలుచును.

ఎకరా నేలలో అడుగు లోతు మన్ను సుమారు 1,700 టన్నులు తూగును. అందు బొగ్గు నూటికి 0.4 నుండి 0.5కు పెరిగినచో 1.7 టన్నులు చేరినట్లు. టన్ను బొగ్గు 3.67 టన్నుల బొగ్గుపులుసుగాలికి సమానము గనుక, గాలినుండి దిగినది సుమారు 6.2 టన్నులు. లెక్క సుళువే, కాని ఒకే చేని రెండు మూలల భేదమే అంతకంటె ఎక్కువ యుండవచ్చును. మేమే యొకసారి తొలియేడు గట్టుప్రక్కను, మఱుసటియేడు వేఱొకచోటను మన్ను తీసి, బొగ్గు రెట్టింపైనదని సభలో చెప్పితిమి. “అయ్యా, అది మా పాత పెంటదిబ్బ గదా” యని యొక ముసలి రైతు అనగా తలవంచుకొంటిమి. కావున గుర్తురాళ్లు పాతి, పదునైదిరువది చోట్ల, అదే లోతున, అదే ఋతువున తీయవలయును. దున్నిన మన్ను గుల్లబాఱి తేలికపడును. అందుచే తెలిసిన కొలతగల గొట్టముతో తీసి, ఎండించి తూచవలయును.

పొరుగువాని పేడ తెచ్చి మన చేనవేసినచో బొగ్గు చోటు మాఱినదే గాని గాలి తగ్గలేదు. పథకము లేకున్నను పెరిగెడి పాత మామిడితోటయు లెక్కకు రాదు.

2025లో మన దేశపు చిన్నరైతుల పొలములలో బసాల్టు రాతిపొడి చల్లు మాటి కార్బన్ సంస్థకు ఎక్స్‌ప్రైజ్ వారి 5 కోట్ల డాలర్ల బహుమానము వచ్చెను. అది విని గ్రానైటు క్వారీల పొడి చల్లుదుమాయని కుప్పమువారు అడుగుచున్నారు. మామూలు గ్రానైటులో సున్నము, మెగ్నీషియము తక్కువ. మిక్కిలి నెమ్మదిగ కరగును. వర్తకులు నల్లగ్రానైటనునది తఱచుగ డోలరైటు, బసాల్టుకు చుట్టమే. అయినను అందలి నికెలు మొదలగు లోహములను పరీక్షింపింపక చల్లరాదు.

దస్తావేజుపై వ్రేలిముద్ర వేయకమునుపు, కొలత ఖర్చెవరిదో, ఒప్పందమెన్నేండ్లో, చెట్లు కొట్టినచో సొమ్ము తిరిగి యియ్యవలెనో అడుగుడు. తొలియేటి మన్నులో సగము ఎండించి, తేది వ్రాసి, మీ యింటనే భద్రపఱచుడు. తగవు వచ్చినప్పుడు, క్రొత్త మన్నుతోకూడ దానినిని ఒకే ప్రయోగశాలలో ఒకే దినమున పరీక్షింపించవచ్చును.