పాత ఇంజనుకు బలం కావాలి, పొగ వద్దు!

కట్టెల పొయ్యి ముందు ఊదుగొట్టం పట్టుకుని కూర్చున్నవాళ్ళను మీరు చూసే ఉంటారు. పొయ్యి పొగలు చిమ్ముతూ ఉంటుంది. కళ్ళు మండుతాయి. గిన్నెలో నీళ్ళు మాత్రం కాగవు. గొట్టంతో నాలుగుసార్లు గట్టిగా ఊదగానే భగ్గున మంట లేస్తుంది, పొగ తగ్గిపోతుంది, నీళ్ళు కాగుతాయి. మంట పెరగడం, పొగ తగ్గడం - ఈ రెండూ ఒకే ఊపిరితో జరిగాయి, గమనించారా? పొగ అంటే కాలకుండా తప్పించుకుపోయిన వంటచెరకే మరి!

కారు ఇంజను విషయంలోనూ ఇంతేనా? పాత ఇంజనును విప్పి, బాగుచేసి, బలం పెంచితే పొగ పెరుగుతుందా, తగ్గుతుందా? "బలం కావాలంటే పొగ తప్పదు" అని చాలామంది అనుకుంటారు. ఆ మాటలో నిజం కొంతే ఉంది. ఎంతవరకు నిజమో ఒక ఇంజనును విప్పి తెలుసుకుందాం.

మన ఉదాహరణకు అంబాసిడర్ కారును తీసుకుందాం. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు నమూనాతో హిందుస్థాన్ మోటార్స్ సంస్థ దీన్ని పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో 1950ల చివరి నుంచి 2014 వరకు తయారుచేసింది. మంత్రుల కార్లుగా, టాక్సీలుగా ఇవి దేశమంతా తిరిగాయి. తయారీ ఆగిపోయినా కొందరు వాటిని ముద్దుగా చూసుకుంటూ ఇప్పటికీ నడుపుతున్నారు. ఈ కార్లలో ఎక్కువ కాలం వాడిన పెట్రోలు ఇంజను 1489 ఘన సెంటీమీటర్లది. మెకానిక్కులు దీన్నే 1489 సి.సి. అంటారు.

ఎంత పెట్రోలుకు ఎంత గాలి?

ఇంజనులో నాలుగు సిలిండర్లు ఉంటాయి. ఒక్కొక్క దానిలో ఒక పిస్టన్ పైకీ కిందికీ ఆడుతుంది. అది చేసే పనులు నాలుగు. గాలినీ పెట్రోలు ఆవిరినీ లోపలికి పీల్చడం, ఆ మిశ్రమాన్ని నొక్కడం, నిప్పురవ్వతో కాల్చడం, కాలిన వాయువులను బయటికి నెట్టడం. మిశ్రమం కాలినప్పుడు పుట్టే వేడికి వాయువు వ్యాకోచించి పిస్టన్‌ను కిందికి తోస్తుంది. ఆ తోపే కారును నడుపుతుంది.

పెట్రోలు అనేక హైడ్రోకార్బన్ల మిశ్రమం. లెక్క సులువుగా ఉండటానికి దాన్ని ఆక్టేన్ అనుకుందాం. 2 అణువుల ఆక్టేన్ పూర్తిగా కాలడానికి 25 అణువుల ఆక్సిజన్ కావాలి. అప్పుడు 16 అణువుల కార్బన్ డయాక్సైడు, 18 అణువుల నీటి ఆవిరి వస్తాయి. అణుభారాలు వేసి చూడండి. 228 గ్రాముల ఆక్టేన్‌కు 800 గ్రాముల ఆక్సిజన్ అవసరం. 100 గ్రాముల గాలిలో ఆక్సిజన్ సుమారు 23 గ్రాములే. కాబట్టి 228 గ్రాముల ఆక్టేన్‌కు దాదాపు 3,480 గ్రాముల గాలి పట్టాలి. అంటే ఒక గ్రాముకు సుమారు 15 గ్రాములు. అసలు పెట్రోలుకు ఈ సంఖ్య 14.7. దీన్ని గుర్తుంచుకోండి, ముందు ముందు పని ఉంది.

పొగలో పోయేదేమిటి?

గాలి చాలకపోతే కార్బన్ సగమే కాలి కార్బన్ మోనాక్సైడుగా బయటికి పోతుంది. 12 గ్రాముల కార్బన్ పూర్తిగా కాలితే 394 కిలోజౌళ్ళ వేడి వస్తుంది. సగం కాలి మోనాక్సైడుగా ఆగిపోతే వచ్చేది 110 కిలోజౌళ్ళే. మిగిలిన 284 కిలోజౌళ్ళూ పొగగొట్టం దారిన పోయినట్టే! నూరు రూపాయలకు కొని డెబ్భై రూపాయలకు పైగా పారబోసుకున్నట్టు. పైగా ఇది విషవాయువు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. దీనికి రంగూ వాసనా లేవు. అందుకే తలుపులు మూసిన షెడ్డులో ఇంజను నడపడం ప్రాణాపాయం.

రెండోది, అసలే కాలని హైడ్రోకార్బన్లు. ఇవీ వృథా అయిన ఇంధనమే. మూడోది, నైట్రోజన్ ఆక్సైడులు. ఇవి పెట్రోలులోంచి రావు. సిలిండరులో వేడి బాగా పెరిగినప్పుడు గాలిలోని నైట్రోజనే ఆక్సిజన్‌తో కలిసి వీటినిస్తుంది. ఎండలో ఇవీ హైడ్రోకార్బన్లూ కలిసి ఓజోన్‌ను పుట్టిస్తాయని 1950ల తొలి సంవత్సరాలలో ఆరీ హాగెన్-స్మిట్ అనే శాస్త్రజ్ఞుడు అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగరపు గాలిని పరిశీలించి తేల్చాడు. వాహనాల పొగకు హద్దులు పెట్టడానికి బలమైన కారణాలలో అదొకటి.

ముందు రోగనిర్ణయం

విజయవాడ ఆటోనగర్ వంటి చోట మంచి మెకానిక్కు వెంటనే స్పానరు పట్టుకోడు. ముందు పొగ చూస్తాడు. నల్లపొగ అయితే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. నీలిపొగ అయితే ఇంజను ఆయిలు సిలిండరులోకి చేరి కాలుతోంది. తరవాత ప్లగ్గు తీసి ఆ రంధ్రంలో పీడనమాపకం బిగించి ఇంజనును తిప్పుతాడు. పీడనం తక్కువ ఉంటే నొక్కిన మిశ్రమం ఎక్కడో కారిపోతోందన్నమాట. ఎక్కడ? సిలిండరులో ఒక చెంచాడు ఆయిలు పోసి మళ్ళీ కొలుస్తాడు. ఆయిలు రింగుల సందులను మూస్తుంది. ఈసారి పీడనం పెరిగితే దోషం రింగులది, పెరగకపోతే వాల్వులదో గ్యాస్కెట్‌దో. ఎంత చక్కని ప్రయోగమో చూడండి!

బోరు, రింగులు

ఏళ్ళ తరబడి రాపిడికి సిలిండరు గోడ అరిగి కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. గుండ్రని రింగు దానికి అతకదు. అందుకే గోడను కాస్త పెద్దదిగా తొలిచి, అంత పెద్ద పిస్టన్లూ కొత్త రింగులూ వేస్తారు. బోరు చేయించడమంటే ఇదే.

ఇందువల్ల బలం ఎంత పెరుగుతుంది? ఈ ఇంజను సిలిండరు వ్యాసం 73.03 మిల్లీమీటర్లు, పిస్టన్ నడక 88.9 మిల్లీమీటర్లు. స్తూపం ఘనపరిమాణం సూత్రంతో లెక్కిస్తే ఒక్కొక్కటి 372 సి.సి., నాలుగూ కలిపి 1489. వ్యాసం ఒక మిల్లీమీటరు పెంచితే మొత్తం సుమారు 1531 అవుతుంది. పెరుగుదల నూటికి మూడు పాళ్ళు కూడా లేదు! మరి బోరు చేయించిన కారు కొత్త ఊపుతో ఎందుకు పరుగెడుతుంది? పెరిగిన 42 సి.సి. వల్ల కాదు, రింగుల సందుల్లోంచి కారిపోతున్న పీడనం ఆగినందువల్ల. అదే పనితో ఆయిలు పైకెక్కడం ఆగి నీలిపొగా పోతుంది. బలమూ శుభ్రతా ఇక్కడ ఒకే దారిలో నడిచాయి.

హెడ్డు

సిలిండర్ల పైన మూతలా ఉండేది హెడ్డు. వాల్వులు అందులోనే ఉంటాయి. వాల్వులనూ అవి కూర్చునే సీట్లనూ నూరి సరిచేస్తే మిశ్రమం కారదు. ఇక్కడ పాత కార్లకు ఒక ప్రత్యేక సమస్య ఉంది. పూర్వం పెట్రోలులో సీసం సమ్మేళనం కలిపేవారు. ఆ సీసం వాల్వు సీట్లపై పలుచటి పొరగా ఏర్పడి అరుగుదలను ఆపేది. కాని సీసం పిల్లల మెదడుకు హాని చేస్తుంది. మన దేశమంతటా 2000 ఫిబ్రవరి నుంచి సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. కాబట్టి పాత హెడ్డుకు గట్టి ఉక్కు సీట్లు వేయించడం మంచిది.

హెడ్డు అడుగుభాగాన్ని కొంచెం చెక్కితే మిశ్రమాన్ని నొక్కే చోటు చిన్నదవుతుంది. లెక్క కోసం, పిస్టన్ పైకి చేరినప్పుడు మిగిలే చోటు 64 సి.సి. అనుకోండి. బోరు చేశాక పిస్టన్ నడిచే చోటు 383 సి.సి. రెండూ కలిపి 447. దాన్ని 64తో భాగిస్తే దాదాపు 7. ఇదే సంపీడన నిష్పత్తి. మిగిలే చోటును 55కు తగ్గిస్తే నిష్పత్తి 8కి దగ్గరవుతుంది. సిద్ధాంతం ప్రకారం ఆదర్శ ఇంజను సామర్థ్యం 54 శాతం నుంచి 56.5 శాతానికి పెరుగుతుంది. అసలు ఇంజనులో ఇంతకంటే చాలా తక్కువే ఉన్నా, అంతే పెట్రోలుతో ఎక్కువ పని జరుగుతుందన్నది నిజం. అయితే మరీ నొక్కితే మిశ్రమం తనంతట తానే పేలి, సుత్తితో కొట్టినట్టు చప్పుడవుతుంది. నాకింగ్ అంటే అదే. అది పిస్టన్లను పాడుచేస్తుంది.

మూడు చిక్కులు

ఇంతవరకు బలమూ శుభ్రతా స్నేహితులే. ఇక తగాదాలు చూడండి.

మొదటిది మిశ్రమం. పెట్రోలు పూర్తిగా కాలడానికి 14.7 వంతుల గాలి కావాలన్నాం. కాని అత్యధిక బలం వచ్చేది 12.5, 13 వంతుల దగ్గర. ఎందుకని? సిలిండరులో కొరతగా ఉండేది పెట్రోలు కాదు, ఆక్సిజన్. ఉన్న ఆక్సిజన్ అణువు ఒక్కటీ మిగలకుండా వాడుకోవాలంటే పెట్రోలు కాస్త ఎక్కువగా పోయాలి. అప్పుడు మోనాక్సైడు తప్పదు. దీనికి ఉపాయం, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కినప్పుడు మాత్రమే పెట్రోలు ఎక్కువ అందేలా, మిగతా వేళ పొదుపుగా ఉండేలా కార్బ్యురేటరు జెట్లను అమర్చడం.

రెండోది కామ్‌షాఫ్టు. వాల్వులను తెరిచి మూసేది ఇదే. పందెం కార్లలో లోపలి వాల్వు, బయటి వాల్వు కొంతసేపు రెండూ కలిసి తెరిచి ఉండేలా చేస్తారు. వేగంలో బయటికి దూసుకుపోయే వాయువు కొత్త మిశ్రమాన్ని వెంట లాక్కొస్తుంది, బలం పెరుగుతుంది. కాని కారు ఆగి ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు కాలిన వాయువు వెనక్కి వచ్చి కొత్త మిశ్రమంలో కలుస్తుంది. మంట సరిగా అంటుకోదు. కాలని హైడ్రోకార్బన్లు బయటపడతాయి. రోడ్డుపై తిరిగే కారుకు పందెం కామ్‌షాఫ్టు తగదు.

మూడోది వేడి. సంపీడనం పెరిగితే మంట వేడి పెరుగుతుంది, దానితో నైట్రోజన్ ఆక్సైడులూ పెరుగుతాయి. నిప్పురవ్వను అవసరానికి మించి ముందుగా రగిలించకపోవడం, సంపీడనాన్ని అత్యాశతో పెంచకపోవడం ఇక్కడి జాగ్రత్తలు.

వీటికి తోడు ఈ మధ్య ఇంకొకటి వచ్చింది. 2025 నాటికి మన పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపడం మొదలైంది. ఇథనాల్ అణువులోనే ఆక్సిజన్ ఉంది కనుక ఈ ఇంధనానికి సుమారు 13.5 వంతుల గాలి చాలు. పాత జెట్లతో నడిపితే పెట్రోలు తక్కువైనట్టు ఇంజను తడబడుతుంది. జెట్లు కొద్దిగా పెంచాలి. ఇథనాల్‌కు తట్టుకునే రబ్బరు గొట్టాలు వేయాలి. ఒక లాభం కూడా ఉంది. ఇథనాల్ వల్ల నాకింగ్ తగ్గుతుంది.

పరీక్ష రోజున

పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చే చోట ఇంజను నెమ్మదిగా తిరుగుతుండగా పొగగొట్టంలో ఒక కడ్డీ పెడతారు. ఆ వాయువు గుండా పరారుణ కిరణాలను పంపుతారు. మోనాక్సైడు ఒక తరంగదైర్ఘ్యాన్ని, హైడ్రోకార్బన్లు మరొక దాన్ని మింగేస్తాయి. ఎంత మింగాయో కొలిస్తే ఎంత ఉన్నాయో తెలుస్తుంది. భారత్ స్టేజ్-2 ప్రమాణాలకు ముందు తయారైన పెట్రోలు కార్లకు మోనాక్సైడు నూటికి 3 పాళ్ళు, హైడ్రోకార్బన్లు పది లక్షలకు 1,500 పాళ్ళు మించకూడదు. భారత్ స్టేజ్-2, 3 కార్లకు ఈ హద్దులు 0.5, 750. ఆ తరవాతి కార్లకు ఇంకా కఠినం.

ఈ రెండు అంకెలను వైద్యుడిలా చదవాలి. మోనాక్సైడు ఎక్కువుంటే మిశ్రమంలో పెట్రోలు ఎక్కువ. మోనాక్సైడు తక్కువగా ఉండి హైడ్రోకార్బన్లు మాత్రం ఎక్కువుంటే ఏదో సిలిండరులో మంట అంటుకోవడం లేదు. ప్లగ్గో, వాల్వో చూడాలి. ఇంజను వేడెక్కకముందే కొలిస్తే మంచి ఇంజను కూడా తప్పుతుంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పరీక్ష ముందు కార్బ్యురేటరు మర బిగించి, సర్టిఫికెట్ చేతికి రాగానే మళ్ళీ వదులు చేసేవాళ్ళు ఉన్నారు. కాగితం దొరుకుతుంది. కాని మరుసటి రోజు ఆ కారు వెనక సైకిలు తొక్కుకుంటూ బడికి వెళ్ళేది మీరే! పైగా ఈ పరీక్షలో నైట్రోజన్ ఆక్సైడులను కొలవరు. కాబట్టి పరీక్ష నెగ్గడం కనీస హద్దు దాటడం మాత్రమే. సరిగా బాగుచేసిన ఇంజనుకు పరీక్ష రోజున ఏ మరా తిప్పనవసరం లేదు.

మీరే చేసి చూడండి

ప్రీమియర్ పద్మిని కారు ఇంజనుకు నాలుగు సిలిండర్లు. వ్యాసం 68 మిల్లీమీటర్లు, పిస్టన్ నడక 75 మిల్లీమీటర్లు. అది ఎన్ని సి.సి. ఇంజను? వ్యాసాన్ని 69 మిల్లీమీటర్లకు పెంచితే నూటికి ఎంత పెరుగుతుంది? లెక్క చేశాక, ఈసారి బస్టాండుకు వెళ్ళినప్పుడు వాహనాల పొగ రంగును గమనించి, ఏ వాహనానికి ఏ రోగమో మీ నోటుపుస్తకంలో రాసుకోండి. డీజిల్ బండ్లను మాత్రం వేరే పట్టికలో రాయండి. వాటిలో నిప్పురవ్వ ఉండదు, అక్కడ గాలి కొరతా ఉండదు. అయినా అవి నల్లపొగ ఎందుకు వదులుతాయో మీ సైన్సు మాస్టారితో చర్చించండి.

(జవాబు: సుమారు 1,090 సి.సి.; పెరుగుదల నూటికి దాదాపు 3 పాళ్ళు.)